వంటిల్లు ఎవరికి అప్పజెప్పాలి? చిన్నీకి పెద్దమ్మ రాసేది

చిన్నీ,

మీ కొత్త ఇంటికి మాడ్యులర్ కిచెన్ (ఫ్యాక్టరీలో చేసి తెచ్చి బిగించే అరలు, సొరుగులు) చేయించడానికి నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చూశాను. ఏది చవకో చెప్పమన్నావు గానీ, ఇవి చూసి ఆ మాట ఎవ్వరూ చెప్పలేరమ్మా. ఒకరు రన్నింగ్ ఫుట్, అంటే ఉత్త పొడవు లెక్కన వేశారు, ఇంకొకరు చదరపు అడుగు లెక్కన వేశారు, మూడో ఆయన ఏ లెక్కా చెప్పకుండా మొత్తం ఒకటే అంకె వేసి కింద డిస్కౌంట్ చూపించాడు. చదరపు అడుగు అన్నాయన కూడా బయటికి కనిపించే ముందు భాగం కొలత మీదే వేశాడు, లోపలి సొరుగులు, స్టీలు బుట్టలు, మూలలో తిరిగే అర, హ్యాండిళ్ళు అన్నీ ఎక్స్‌ట్రా అని కింద చిన్న అక్షరాల్లో ఉంది చూడు. ముందు ముగ్గురికీ ఒకే డ్రాయింగ్ ఇవ్వు. ఏ గోడకి ఎన్ని అడుగులు, ఎన్ని సొరుగులు, ఎన్ని తలుపులు, చిమ్నీ ఎక్కడ, ఫ్రిజ్ ఎక్కడ అన్నీ అందులో ఉండాలి. ఒక్కో పెట్టెకీ (క్యాబినెట్‌కీ) విడిగా ధర వేసి ఇమ్మను. 18 శాతం జీఎస్‌టీ కలిపి చెప్పారా లేదా, రవాణా ఎవరిది, బిగింపు కూలి ఎవరిది, గ్రానైట్‌కి సింక్ కోత ఎవరు కోస్తారు, ఇవన్నీ కాగితం మీదికి రావాలి. అప్పుడు పోల్చుకుందాం.

అసలు విషయం అది కూడా కాదు. షోరూమ్ చూసి ఎవరికీ పని ఇవ్వొద్దు. అక్కడ ఎవరూ వండరు, ఆ సింక్‌లో నీళ్ళు కూడా రావు, లైట్ల వెలుగులో ఏ చెక్కయినా బాగుంటుంది. ముగ్గురినీ ఒకటే అడుగు: నాలుగైదేళ్ళ కింద మీరు బిగించిన వంటిళ్ళు రెండు మూడు చూపించండి అని. గృహప్రవేశం అయిన వారానికి తీసిన ఫోటోలు కాదు, ఇల్లే చూపించాలి. వెళ్ళినప్పుడు పైన రంగులు చూస్తూ నిలబడకు. సింక్ కింద తలుపు తీసి అడుగు చెక్క అంచుని వేలితో తడుము, ఉబ్బిందో లేదో తెలిసిపోతుంది. స్టవ్ పక్క తలుపులు సమానంగా ఉన్నాయా, ఒకటి కిందికి జారిందా చూడు. గిన్నెలన్నీ ఉన్న బరువైన సొరుగుని పూర్తిగా బయటికి లాగి చూడు. అంచులకి అంటించిన పట్టీ ఎక్కడైనా లేచిందేమో చూడు. అన్నీ అయ్యాక ఆ ఇంట్లో వంట చేసే మనిషిని, అంటే డబ్బు కట్టిన ఆయన్ని కాదు, రోజూ అక్కడ నిలబడే ఆవిడని పక్కకి పిలిచి అడుగు, ఏదైనా పాడైతే ఫోన్ చేస్తే ఎన్నాళ్ళకి వచ్చారమ్మా అని. ఆ జవాబుని బట్టే నిర్ణయించుకో.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా వీధిలో ఒకళ్ళు చాలా పేరున్న కంపెనీ అని నమ్మి లక్షలు పోసి చేయించుకున్నారు. కంపెనీ నిజంగానే పెద్దది. కానీ ఊళ్ళో షోరూమ్ ఫ్రాంచైజీవాళ్ళది, అంటే ఆ పేరు పెట్టుకుని నడిపే వేరేవాళ్ళది, రెండేళ్ళలో అది మూతపడింది. తలుపులు ఊడితే కంపెనీవాళ్ళు బిగించింది మేం కాదన్నారు, వారంటీ కాగితంలో పదేళ్ళు అని ఉంది గానీ ఎవరు ఇస్తారో లేదు. అందుకని నువ్వు అడగాల్సింది వారంటీ ఎన్నేళ్ళు అని కాదు. దేనికి, ఎవరి సంతకంతో అని. చెక్కకి ఎంత, తలుపుల హింజెస్‌కి (బందులకి) ఎంత, సొరుగులు జరిగే చానెళ్ళకి (పట్టాలకి) ఎంత, బిగించే మనుషులు వాళ్ళ సొంతవాళ్ళా లేక పనిని బట్టి పిలిచే కూలీలా, అది కూడా. హెట్టిక్, హాఫెలే, బ్లమ్, ఎబ్కో లాంటి కంపెనీల హింజెస్, చానెళ్ళు వేస్తామంటే పేరుతో పాటు మోడల్ నంబర్ కూడా రాయించు, ఒకే కంపెనీలో చవకవీ ఉంటాయి, ఖరీదైనవీ ఉంటాయి.

ఇక చెక్క. మన కృష్ణా జిల్లా తేమకి, చుట్టూ పొలాలున్న పోరంకి వైపు చెదలకి, వంట గట్టు కింద పెట్టెలన్నీ ఐఎస్ 710 (అది ప్రభుత్వ ప్రమాణం నంబర్) ముద్ర ఉన్న ప్లైవుడ్‌తోనే చేయాలని రాయించు. దాన్నే మెరైన్ ప్లై అనీ, మరిగే నీళ్ళకి కూడా ఆగుతుందని బీడబ్ల్యూపీ అనీ అంటారు. 72 గంటలు నీళ్ళలో ఉడికించినా పొరలు విడిపోకూడదని దానికి పరీక్ష. ఐఎస్ 303 వేరు, అది మామూలు వాడకం ప్లై. అందులో మరిగే నీళ్ళని కొంతవరకు తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం పై అరలకి పర్వాలేదు, ఉత్త తేమకే ఆగే ఎంఆర్ రకం మాత్రం వంటింట్లోకి రానివ్వకు. ఉత్త 'వాటర్‌ప్రూఫ్ ప్లై' అని రాసిన కొటేషన్ ఒప్పుకోవద్దు. చెక్క పొట్టు అదిమి చేసే పార్టికల్ బోర్డు సింక్ దగ్గరికి అసలు వద్దు, ఒక్కసారి నీళ్ళు తాగితే ఉబ్బిపోతుంది. షీటు మీద ఐఎస్‌ఐ గుర్తుతో పాటు సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉంటుంది, ఆ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ నంబర్ కొడితే ఎవరిదో వచ్చేస్తుంది. కోసి పైన లామినేట్ (రంగు రేకు) అంటించాక ముద్ర కనిపించదు కదా, అందుకే కోతకి ముందు ఫ్యాక్టరీకి వచ్చి షీట్లు చూస్తామని మొదటే చెప్పండి. దానికి నసిగేవాళ్ళ జోలికి పోవద్దు.

నన్నడిగితే కింది భాగానికి మేస్త్రి చేత కడప బండలతో అడ్డాలు, అరలు పెట్టించి, ఫ్రేములు, తలుపులు, సొరుగులు మాత్రం ఈ మాడ్యులర్ కిచెన్‌వాళ్ళ చేత బిగించుకోవడం ఇప్పటికీ మంచి పద్ధతే. రాయికి చెదలు పట్టవు, మనం నేల నీళ్ళు కొట్టి కడుక్కున్నా దానికేం కాదు. షోరూమ్‌వాళ్ళు పాత పద్ధతి అంటారు, అననీ. కాకపోతే సొరుగులు సాఫీగా జరగాలంటే మేస్త్రి కట్టిన గళ్ళు కొలత తప్పకూడదు, కాబట్టి గట్టు కట్టకముందే మేస్త్రినీ వీళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టండి. దీనికి ఒప్పుకుని ధర చెప్పేవాళ్ళు ఎవరో కనుక్కో.

గట్టు ఎత్తు వాళ్ళు మామూలుగా 34 అంగుళాలు వేసేస్తారు. నీ ఎత్తుకి 32 చాలు. గ్రైండర్ పెట్టే చోటు వేరుగా ఇంకా కొంచెం కిందికి చేయించుకుంటే పిండి తీసేటప్పుడు భుజాలు లాగవు. ఇడ్లీ పాత్ర, పెద్ద కుక్కర్లు, అత్తగారిచ్చిన ఇత్తడి గిన్నెలు ఏ సొరుగులో పెడతావో ముందే చెప్పు. చానెళ్ళలో 30 కిలోలు మోసేవి వేరు, 50 కిలోలు మోసేవి వేరు. గ్యాస్ సిలిండర్ అర లోపల పెడితే ఆ తలుపుకి అడుగున గాలి రంధ్రాలు ఉండాలి, ఎందుకంటే ఆ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందనే చేరుతుంది. డిజైన్ గీసిన అబ్బాయి అవి పెట్టలేదు. ఆగ్నేయంలో స్టవ్ మాత్రం శ్రద్ధగా పెట్టాడు, సంతోషం. గ్రైండర్‌కి, ఓవెన్‌కి, నీళ్ళ ఫిల్టర్‌కి ప్లగ్గులు ఎక్కడెక్కడ కావాలో టైల్స్ వేయకముందే గోడ మీద గుర్తు పెట్టించు.

శ్రావణంలో గృహప్రవేశం కదా అని వాళ్ళు తొందరపెడతారు, ముహూర్తానికి అందిస్తామని మొత్తం ముందే కట్టించుకుంటారు. ఆ టెన్షన్ పెట్టుకోకు. గట్టు, స్టవ్ ఉంటే పాలు పొంగించుకోవచ్చు, అరలు తర్వాత వస్తాయి. కొత్త గోడలు ఆరకుండా చెక్క బిగిస్తే వెనక బూజు పడుతుంది కూడా. టైల్స్, గ్రానైట్, పైపులు అన్నీ అయ్యాకే ఆఖరి కొలతలు తీసుకోవాలి, ప్లాన్ కాగితం మీది కొలతలతో కోత మొదలుపెట్టనివ్వకు. బాత్రూమ్‌కి ఆనుకున్న గోడ ఉంది కదా, అక్కడ చెమ్మ వస్తుందేమో కొన్నాళ్ళు చూశాకే ఆ వైపు పని.

డబ్బు విడతలుగా ఇవ్వండి. సంతకానికి కొంచెం, షీట్లు చూశాక కొంత, సరుకు ఇంటికి వచ్చాక కొంత, ఆఖరి పది శాతం మాత్రం నువ్వు ఒక నెల వండుకుని ప్రతి తలుపూ ప్రతి సొరుగూ చూసుకున్నాక. వాళ్ళు అంత ఒప్పుకోరు, ఐదు శాతానికైనా ఒప్పించండి. అల్లుడుగారు మొహమాటపడే మనిషి, ఈ బేరం నువ్వే మాట్లాడు. ప్రతి రూపాయికీ బిల్లు తీసుకో, బిల్లు లేకుండా తగ్గిస్తామంటే వద్దను. రేపు గొడవొస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా, వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళినా చేతిలో ఆ కాగితమే ఉండాలి.

ముందు ఆ పాత వంటిళ్ళు చూసి రండి. చూశాక డ్రాయింగ్, కొత్త కొటేషన్లు నాకు పంపు, అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు.

మీ పెద్దమ్మ