అమరిల్లిస్ ఆకులేస్తోంది, పూయడం లేదు: బూస్టర్ కాదు, కొలత టేపు తీయండి

ప్రశ్న: ఇంట్లో పది కుండీల్లో అమరిల్లిస్ దుంపలు పెంచుతున్నాను. కొన్న ఏడాది ఒక్కో దుంపకు ఒకటి రెండు కాడలొచ్చి బ్రహ్మాండంగా పూశాయి. ఆ తర్వాత రెండేళ్లుగా ఆకులే తప్ప పూత లేదు. కొన్ని ఆకుల మీద ఎర్రటి చారలున్నాయి, ఆ తెగులు వల్లే పూత ఆగిందని నా అనుమానం. డీలరు చెప్పినట్టు హెక్సాకొనజోల్ అనే శిలీంధ్రనాశిని మూడుసార్లు, పూత బూస్టర్ రెండుసార్లు కొట్టాను. పూలు రాలగానే ఆకులు కోసేసి దుంపకు విశ్రాంతి ఇవ్వమన్నారు, రెండేళ్లూ ఆకులు కోసేశాను. ఇంకా ఏ మందు కొట్టాలి? – ఒక రైతు

జవాబు: ఏ మందూ కొట్టొద్దండి. ముందు ఆ స్ప్రేయరు కడిగి లోపల పెట్టండి. అసలు జబ్బేమిటో మీ ఉత్తరం చివర్లో మీరే రాశారు, కాకపోతే మంచి పని చేసినట్టు రాశారు. పూలు రాలగానే పచ్చటి ఆకులు కోసేశారు కదా, అక్కడే పోయింది పూత. తెగులు వల్ల కాదు, ఆకలి వల్ల మీ దుంపలు పూయడం లేదు.

ఈ మొక్క లెక్క కొంచెం వేరు. ఈ ఏడాది మీరు చూసే పువ్వు ఈ ఏడాది పుట్టింది కాదు, దాదాపు ఏడాది కిందటే దుంప లోపల పొరల మధ్య చిన్న మొగ్గగా తయారై కూర్చుంటుంది. దుంప లోపల వరుసగా నాలుగు ఆకులు, ఒక పూల కాడ, మళ్లీ నాలుగు ఆకులు, ఇంకో కాడ, ఇలా పుడుతూ పోతాయి. అంటే రెండు కాడలు కావాలంటే ఏడాదిలో సుమారు ఎనిమిది ఆకులైనా బాగా పెరగాలి. కొన్న ఏడాది మీకు పూలొచ్చాయంటే అది మీ గొప్పా కాదు, అమ్మినవాడి గొప్పా కాదు, అంతకుముందు ఎవరో పొలంలో ఆ దుంపను మేపి పంపించారు. ఆ తిండి మొదటి పూతకే అయిపోయింది. తర్వాత మీరు ఆకులు కోసేశారు, మిగిలిన కాసిని ఆకులు ఇంట్లో నీడలో ఉన్నాయి, దుంప తిరిగి నిండేదెట్లా?

అనుమానం తీరాలంటే పదింట్లో బాగా బక్కచిక్కిన దుంప ఒకటి పోయినా పర్లేదనుకుని నిలువుగా రెండుగా కోసి చూడండి. పొరల మధ్య ఎండు కాగితంలా గోధుమరంగులో చప్పిడైపోయిన మొగ్గ కనిపిస్తే, మొగ్గ పుట్టింది కానీ తిండి చాలక లోపలే చచ్చిందని అర్థం. అసలు మొగ్గే కనిపించకపోతే ఆకలి ఇంకా పాతది.

ఇప్పుడు నేను ఎవరు అడిగినా అడిగే ప్రశ్న. దుంప చుట్టుకొలత ఎంత? పొలం గురించి అడిగితే భూసార పరీక్ష చేయించారా అని అడుగుతాను, గేదె పాలివ్వట్లేదంటే బరువెంత అని అడుగుతాను, అమరిల్లిస్ పూయలేదంటే టేపు పెట్టి కొలిచారా అని అడుగుతాను. ఉత్తరాల్లో మందు పేరు, కొట్టిన తేదీ, డీలరు చెప్పిన మాట అన్నీ ఉంటాయి, దుంప ఎంతుందో మాత్రం ఒక్కరూ రాయరు. బట్టలు కుట్టే టేపు తీసుకుని దుంప బాగా లావుగా ఉన్నచోట చుట్టూ కొలవండి. టేపు లేకపోతే దారంతో చుట్టి దాన్ని స్కేలు మీద పెట్టండి. దుంపల వ్యాపారంలో కూడా 24/26, 26/28 అని రాసేది ఈ చుట్టుకొలతే, సెంటీమీటర్లలో. మామూలు పెద్ద పూల రకాల్లో 20 సెం.మీ. లోపు ఉంటే పూత మీద ఆశ పెట్టుకోవద్దు. 24 నుంచి 26 ఉంటే ఒకటి, అదృష్టముంటే రెండు కాడలు. 30 దాటితే రెండు మూడు కాడలు కూడా వస్తాయి. ప్రతి కుండీకి నంబరు వేసి, నోటు పుస్తకంలో కొలత రాసుకోండి. మూడు నెలలకోసారి కొలిస్తే చాలు, ఆకులు పని చేస్తున్నాయో లేదో అదే చెబుతుంది.

ఈ కొలతను బట్టే తర్వాత పని. 22 సెం.మీ. లోపు ఉన్నవాటికి ఈ ఏడాది విశ్రాంతే వద్దు. నీళ్లు ఆపకుండా, ఆకులు ఉన్నంతకాలం ఉండనిచ్చి, ఎండ చూపించి మేపండి. ఒళ్లు చేశాక వచ్చే ఏడాది చూద్దాం. 22 దాటినవాటికి మాత్రం కింద చెప్పిన పద్ధతి.

వెలుతురు గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. ఇంట్లో మన కంటికి వెలుతురుగా కనిపించేది మొక్కకు నీడే. కిటికీకి ఆనుకుని ఉన్న కుండీకి, గదిలో రెండు మీటర్లు లోపల ఉన్న కుండీకి అందే వెలుతురులో చాలా తేడా ఉంటుంది. ఆకులు బారుగా సాగి, పలచగా, ఒక పక్కకు వాలిపోతున్నాయా? అయితే వెలుతురు చాలట్లేదు. ఇంట్లో ఎండ ఎక్కువసేపు పడే కిటికీ అంచునే పెట్టండి, మూడు నాలుగు రోజులకోసారి కుండీని పావు వంతు తిప్పండి. వీలుంటే, పూత అయిపోయాక మంచు, గడ్డకట్టే చలి లేని కాలంలో బయట పెట్టడం అన్నిటికన్నా మేలు. మొదటి వారం నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో నాలుగైదు గంటలు. ఒకేసారి మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకులు మాడతాయి, మళ్లీ అది తెగులనుకుని డీలరు దగ్గరికి పరిగెత్తుతారు. ఆకులతో ఇలా కనీసం ఐదారు నెలలు గడవాలి. దీనికి అడ్డదారి లేదు.

కుండీ పెద్దదైతే మొక్క పెద్దదవుతుందనుకోవద్దు. దుంపకూ కుండీ గోడకూ మధ్య చుట్టూ 3 నుంచి 5 సెం.మీ. ఖాళీ ఉంటే సరిపోతుంది. ఎక్కువ మట్టి ఉంటే ఎక్కువ తడి నిలిచి వేర్లు కుళ్లుతాయి. అడుగున చిల్లు ఉండి తీరాలి, కింద పళ్లెంలో నీళ్లు నిలవకూడదు. మట్టి మిశ్రమానికి కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) రెండు పాళ్లు, బాగా మాగిన కంపోస్టు ఒక పాలు, ముతక ఇసుక లేదా పెర్లైట్ ఒక పాలు. పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది. దుంపను మొత్తం పూడ్చకండి, పైభాగం మూడో వంతైనా మట్టి పైన ఉండాలి. కుండీ మార్చేది రెండు మూడేళ్లకోసారి, అదీ విశ్రాంతి అయ్యాక. తెల్లగా లావుగా ఉన్న వేర్లను కత్తిరించొద్దు, అవి ఏళ్ల తరబడి బతికే వేర్లు. మెత్తబడి బోలుగా అయినవి మాత్రం తీసేయండి.

ఎరువు: ఆకులు పెరుగుతున్నంతకాలం 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీటిలో కరిగే ఎరువు) లీటరు నీటికి 1 గ్రాము చొప్పున 15 రోజులకోసారి, ముందు మామూలు నీళ్లు పోసి మట్టి తడిశాకే. చివరి రెండు నెలలు దాని బదులు పొటాష్ ఎక్కువుండే 13-0-45 అదే మోతాదులో. విశ్రాంతికి రెండు మూడు వారాల ముందు ఎరువు పూర్తిగా ఆపేయండి. యూరియా దగ్గరికే పోవద్దు, ఆకులు గుబురుగా వస్తాయి కానీ మెత్తబడి తెగుళ్లకు లోకువవుతాయి. రెండు నెలలకోసారి ఎరువు లేని నీళ్లు ధారగా పోసి, అడుగు చిల్లులోంచి బాగా కారనిస్తే పేరుకున్న లవణాలు పోతాయి.

విశ్రాంతి సంగతి. ఐదారు నెలలు ఆకులు మేశాక నీళ్లు క్రమంగా తగ్గించి ఆపండి. ఆకులు వాటంతటవే పసుపు రంగుకు తిరిగి వాలతాయి, అప్పుడు మెడకు 5 సెం.మీ. పైన కోయండి. కుండీతో సహా పొడిగా, చీకటిగా, 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ ఉండే చోట 8 నుంచి 10 వారాలు ఉంచాలి. అంత చల్లని చోటు లేకపోతే బెంగ వద్దు, మొగ్గ పుట్టడానికి చలి అక్కర్లేదు. నీళ్లు లేకుండా చీకట్లో ఉంచినా చాలా దుంపలు పూస్తాయి, కాకపోతే అన్నీ ఒకేసారి లేవవు, ఒకటి ముందు, ఒకటి వెనక. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. అక్కడ నాలుగు డిగ్రీలుంటుంది, ఈ మొక్క దక్షిణ అమెరికా ఉష్ణ ప్రాంతాలది, అంత చలి దానికి పడదు. పైగా పక్కనే పండ్లుంటే వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను పాడుచేస్తుంది.

ఫలానా రోజుకి పూలు కావాలనుకుంటే వెనక్కి లెక్కేసుకోండి. మళ్లీ నీళ్లు మొదలెట్టాక పూయడానికి 6 నుంచి 8 వారాలు, దానికి ముందు విశ్రాంతి 10 వారాలు, మొత్తం 16 నుంచి 18 వారాలు. విశ్రాంతి అయ్యాక 21 నుంచి 24 డిగ్రీల వెచ్చదనంలో పెట్టి ఒక్కసారి బాగా తడపండి, తర్వాత మొలక కనిపించేదాకా దాదాపు నీళ్లే వద్దు. చాలామంది దుంపల్ని చంపేది ఇక్కడే. ఏమీ రావట్లేదని టెన్షన్ పడి రోజూ పోస్తారు, వేర్లు ఇంకా మేలుకోని దుంప ఆ నీళ్లు తాగలేక కుళ్లుతుంది. పోసేటప్పుడు కూడా పక్క నుంచి మట్టికి పోయండి, దుంప మెడలో నీళ్లు నిలవకూడదు. మొలక లేచాక పైన మూడు సెంటీమీటర్ల మట్టి ఆరినప్పుడే మళ్లీ తడి. మొగ్గ విచ్చుకోవడం మొదలయ్యాక 16–18 డిగ్రీల చల్లటి చోటికి మారిస్తే పువ్వు ఎక్కువ రోజులు నిలుస్తుంది.

పువ్వు వాడగానే దాని కింద ఉన్న పచ్చటి కాయతో సహా తుంచేయండి, గింజ కట్టడానికి దుంప తిండి వృథా కాకుండా. కాడను మాత్రం కోయకండి. పచ్చగా ఉన్నన్నాళ్లు అదీ ఆకులాగే తిండి తయారుచేస్తుంది, పసుపు తిరిగాకే కోయాలి. పచ్చటి ఆకులకు కత్తెర పెట్టే మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకండి.

ఇక మీ ఎర్ర చారలు. అమరిల్లిస్‌కు గాయమైతే చాలు, అక్కడ ఎర్రబడుతుంది. గోరు గీసుకున్నా, ఆకు మడతపడ్డా, కుండీ అంచు ఒరుసుకున్నా ఎరుపే. కాబట్టి ప్రతి ఎరుపూ తెగులు కాదు. స్టాగనోస్పోరా శిలీంధ్రం వల్ల వచ్చే ఎర్రమచ్చ తెగులైతే మచ్చలు పెద్దవవుతూ, లోపలికి గుంటపడి, మధ్యలో గోధుమరంగు తిరుగుతాయి, మచ్చ ఉన్న వైపుకి ఆకు గానీ కాడ గానీ వంకరపోతుంది. అలా ఉంటేనే ఆ ఆకును కోసి పారేయండి, కత్తిని ఒక్కో మొక్కకు స్పిరిట్‌తో తుడవండి, ఆకుల మీద నీళ్లు చల్లడం మానండి. ఇంట్లో తగ్గడానికి చాలామటుకు ఇది చాలు. దుంప పొరల మీద కూడా మచ్చలుంటే, కుండీ మార్చే సమయంలో ఎండు పొరలు ఒలిచి, మాంకోజెబ్ 75 శాతం పొడి మందు లీటరుకు 2.5 గ్రాములు కలిపిన నీళ్లలో 30 నిమిషాలు ముంచి, నీడలో ఆరబెట్టి నాటండి. ఇదంతా ఆరుబయట, చేతికి గ్లౌజులు వేసుకుని చేయాలి. మనుషులు తిరిగే ఇంట్లో శిలీంధ్రనాశిని మూడుసార్లు కొట్టారంటే నాకు దుంపల కన్నా ముందు మీ ఇంట్లో పిల్లలు గుర్తొచ్చారు.

పైగా ఆ హెక్సాకొనజోల్ ట్రయజోల్ జాతి మందు. ఈ జాతి మందులు ఎక్కువైతే మొక్క ఎదుగుదలను కుదిస్తాయి, మొక్కల్ని పొట్టిగా ఉంచడానికి వాడే పాక్లోబుట్రజాల్ కూడా ఈ కుటుంబానిదే. అసలే ఆకలితో ఉన్న మొక్క ఆకుల్ని ఇంకా పొట్టి చేసే పని ఇది. డీలరు ఈ ముక్క చెప్పాడా? చెప్పడు, ఆయనకు ఎర్ర మచ్చ కనిపిస్తే ఒక డబ్బా, పూత లేదంటే ఇంకో డబ్బా. ఆ బూస్టర్ లేబుల్ మీద ఏ పదార్థం ఎంత శాతం ఉందో రాసి ఉందా, ఒకసారి చదవండి. దుంపలో మొగ్గే లేనప్పుడు ఏ బూస్టరూ దాన్ని సీసాలోంచి తీసి పెట్టలేదు.

రెండు విషయాలకు మాత్రం జాగ్రత్త. ఆకుల అడుగున, అంచుల వెంట ఎర్ర గీతలు, మొక్క గిడసబారడం ఉంటే కంటికి కనపడని దుంప నల్లి కావచ్చు. ఆకుల్లో పసుపు, పచ్చ కలగలిసిన చారలు మొజాయిక్ లాగా ఉంటే వైరస్, పేనుబంకతో పాకుతుంది, దానికి మందు లేదు. ఈ రెండింట్లో ఏది కనిపించినా ఆ కుండీని మిగతావాటి నుంచి వెంటనే తీసి దుంపను పారేయండి, జాలిపడి దాచుకోకండి. ఆకు మొదట్లో తెల్లటి పిండినల్లి ఉంటే 70 శాతం ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది, వారానికోసారి, మూడు నాలుగు వారాలు.

పక్కన పిల్ల దుంపలుంటే అవీ తల్లి కుండీలోనే తింటాయి. తల్లిలో మూడో వంతు సైజుకొచ్చి సొంత వేర్లు పెట్టాక విడదీయండి, పూతకు ఇంకో రెండు మూడేళ్లు పడుతుంది.

ఇంకోమాట, మీ దగ్గరున్నది అసలు హిప్పియాస్ట్రమ్. అమరిల్లిస్ అనే శాస్త్రీయ నామం దక్షిణాఫ్రికా మొక్క బెల్లడోనాది, దాని ఆకులు ఒక కాలంలో, పూలు ఇంకో కాలంలో వస్తాయి. ఎక్కడైనా సలహా చదివితే అది ఏ మొక్కకు రాసిందో చూసుకోండి. దుంప అచ్చం ఉల్లిగడ్డలా ఉంటుంది, లైకోరిన్ అనే విషం ఉంటుంది కాబట్టి వంటింట్లో పెట్టకండి, కుక్కకూ పిల్లికీ అందనివ్వకండి, తింటే వాంతులవుతాయి.

మీరిప్పుడు చేయాల్సింది: ఉన్న ఆకులన్నీ అలాగే ఉంచి కుండీలు కిటికీ అంచుకు జరపండి, 19-19-19 మొదలెట్టండి, పది దుంపలూ కొలవండి. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిచి ఆ రెండు కొలతలూ రాసి పంపండి, ఏ దుంపకు విశ్రాంతి ఇవ్వాలో, దేన్ని ఇంకా మేపాలో అప్పుడు చెప్తాను. మందుల పేర్లు రాయనక్కర్లేదు.