రాక్ స్టేషన్‌లో పాప్ హిట్లు: వేయవచ్చు, కానీ చార్టు చూసి కాదు

రాక్ సంగీతం కోసమే నడిచే రేడియో స్టేషన్లు పాప్ హిట్లు కూడా వేయవచ్చా అని అడిగారు. అప్పుడప్పుడు వేయవచ్చు, అలవాటు చేసుకోకూడదు అన్నది నా అభిప్రాయం. అమెరికాలో ఎం.ఎస్. చదివిన రెండేళ్ళూ మా విశ్వవిద్యాలయం రేడియోలో జీతం లేని డీజేగా వారానికి ఒక రాత్రి రాక్ కార్యక్రమం నడిపాను. ఆ తరువాత షికాగో శివార్లలో ఉద్యోగానికి రోజూ రెండు గంటలు కారులో వెళ్ళి వస్తూ చాలా ఏళ్ళు రేడియో విన్నాను. వేసేవాడిగా, వినేవాడిగా రెండు వైపులా ఉన్నవాడిని కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

మా స్టూడియో ఒక పాత భవనం నేలమాళిగలో ఉండేది. గోడల నిండా సీడీలు, ప్రతి సీడీ మీద ఒక తెల్ల చీటీ ఉండేవి. ఏ పాట బాగుందో, ఏ పాటలో బూతు ఉన్నందున వేయకూడదో మాకంటే ముందు పనిచేసిన విద్యార్థులు ఆ చీటీల మీద చేత్తో రాసి పెట్టారు. ఒకరు మెచ్చుకున్న పాటను కిందనే మరొకరు తిట్టిన చీటీలు కూడా తక్కువేమీ కాదు. ఫోను మోగితే మైకులో వినబడుతుంది కనుక మోత ఆపేసి, దానికి బదులు ఒక చిన్న దీపం వెలిగేలా ఏర్పాటు చేశారు. ఒక రాత్రి రెండు హార్డ్ రాక్ పాటల నడుమ నేను మైకేల్ జాక్సన్ పాట ‘బీట్ ఇట్’ వేసిన అర నిమిషానికే ఆ దీపం వెలిగింది. “ఇదేనా మీ రాక్ కార్యక్రమం?” అని ఒక పెద్దమనిషి గొంతు. ఒక పేరున్న రాక్ కళాకారుడు ఒంటరిగా గిటార్ వాయించే భాగం, అంటే సోలో, వచ్చేదాకా ఆగమని బతిమాలాను. ఆయన ఫోను పెట్టేయలేదు, సోలో అయ్యేవరకు ఇద్దరం మాట్లాడకుండా విన్నాం. “అది వాయించినవాడు ఎడ్డీ వాన్ హేలెన్ అని నాకు తెలుసు, అయినా ఇది పాప్ పాటే” అని అప్పుడు పెట్టేశారు. మరుసటి వారం అదే గొంతు ఫోను చేసి హెవీ మెటల్ బృందం మెటాలికా పాట వేయమని అడిగింది.

ఆ పాట 1983లో అమెరికాలో పాటలకు స్థానాలు ప్రకటించే బిల్‌బోర్డ్ పత్రిక పాప్ చార్టులో మొదటి స్థానానికి చేరింది, కొన్ని రాక్ స్టేషన్లు కూడా దాన్ని ప్రసారం చేశాయి. ఆ కాలపు అమెరికన్ రాక్ స్టేషన్లలో నల్లజాతి కళాకారుల పాటలు దాదాపుగా వినబడేవి కావన్న విమర్శ బలంగా ఉండేది కనుక, ఆ పాట వాటి తలుపు దాటడం మామూలు సంగతి కాదు. అంటే ఇది రాక్, ఇది పాప్ అని గీసే గీత కేవలం గిటార్ శబ్దాన్ని బట్టి గీసినది కాదన్నమాట. ఈ కారణం చేతనే “పాప్‌కు మా స్టేషన్‌లో చోటే లేదు” అని గర్వంగా చెప్పుకొనే వారితో నేను పూర్తిగా ఏకీభవించలేను.

ఆ గర్వం ఎంత దూరం పోగలదో షికాగోలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. 1978 చివరలో డబ్ల్యూడీఏఐ అనే రాక్ స్టేషన్, అప్పట్లో పాప్‌ను ఏలుతున్న డిస్కో అనే నాట్య సంగీతానికి మారిపోయింది, అక్కడి డీజే స్టీవ్ డాల్ ఉద్యోగం ఊడింది. ఆయన డబ్ల్యూఎల్‌యూపీ అనే మరో రాక్ స్టేషన్‌లో చేరి, డిస్కో మీద రోజూ విరుచుకుపడేవారు. 1979 జులై 12న కామిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో ఒక డిస్కో రికార్డు తెచ్చినవారికి 98 సెంట్లకే టికెట్ ఇచ్చి, ఆ రోజు జరగవలసిన రెండు ఆటల మధ్య విరామంలో ఆ రికార్డులను పోగుచేసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూకారు, నేల పాడైపోయింది, చివరికి రెండవ ఆట ఆడలేక షికాగో జట్టు వైట్ సాక్స్ దాన్ని ప్రత్యర్థి డెట్రాయిట్ టైగర్స్‌కు వదులుకోవలసి వచ్చింది. నల్లజాతివారు, స్వలింగ సంపర్కులు ఆదరించిన సంగీతం మీద ద్వేషమే దీని వెనుక ఉన్నదని చాలామంది తరువాత రాశారు. డాల్ ఆ మాట ఒప్పుకోలేదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఆ రాత్రి తాను అక్కడే ఉన్నానని చెప్పుకొనేవారు. షికాగోలో ఆ వయసు వాళ్ళందరూ అలాగే చెబుతారని పక్క సీటు వారు నవ్వేవారు.

అయితే ఆ కథలో అందరూ పేలుడునే గుర్తుపెట్టుకుంటారు గాని, దానికి ముందు ఒక స్టేషన్ తన శ్రోతలను అడగకుండా రాత్రికి రాత్రే మారిపోయిన సంగతిని మరిచిపోతారు. నాకు అలాంటి అనుభవమే ఎదురైంది. నా కారు రేడియోలో మూడవ బటన్ మీద ఒక రాక్ స్టేషన్ ఉండేది. మొదట గంటకొకటి చొప్పున రాక్‌కు దగ్గరగా ఉండే పాప్ పాటలు వచ్చాయి, అభ్యంతరం అనిపించలేదు. కొన్ని నెలలకు అవే పాటలు ఉదయం వెళ్ళేటప్పుడు ఒకసారి, సాయంత్రం వచ్చేటప్పుడు మరొకసారి వినబడసాగాయి, పైగా ఏ పాట ఎందుకు వేస్తున్నారో చెప్పే డీజే గొంతు కూడా తగ్గిపోయింది. పాప్ కావలసిన వారికి రెండవ బటన్ మీద అసలైన పాప్ స్టేషన్ ముందే ఉంది కనుక వారు ఇటు రాలేదు. రాక్ కావలసిన మాలాంటివారు మాత్రం ఒక్కొక్కరే జారుకున్నాం. ఒక శుక్రవారం సాయంత్రం బటన్ నొక్కితే స్టేషన్ పేరే మారిపోయి ఉంది.

వారు అలా ఎందుకు చేస్తారో తెలియనిది కాదు. అమెరికా పెద్ద నగరాలలో ఎంపిక చేసిన శ్రోతలు వెంట ఉంచుకొనే చిన్న పరికరం, ప్రసారంలో మన చెవికి అందని సంకేతాన్ని పసిగట్టి ఎవరు ఏ స్టేషన్ ఎంతసేపు విన్నారో నమోదు చేస్తుంది. పావుగంటలో కనీసం మూడు నిమిషాలు (2025కు ముందు అయిదు) వింటేనే ఆ పావుగంట స్టేషన్ ఖాతాలో పడుతుంది, ప్రకటనల ధర ఆ లెక్కను బట్టే ఉంటుంది. తెలియని పాట వస్తే శ్రోత బటన్ మారుస్తాడన్న భయంతో అందరికీ తెలిసిన పాటలే వేస్తారు. ఇదే భయం వల్ల రాక్ స్టేషన్లు దశాబ్దాలుగా అవే కొన్ని వందల పాటలను అరగదీస్తున్నాయి, నిజానికి నన్ను పాప్ కంటే ఎక్కువగా విసిగించింది అదే.

తలుపులు పూర్తిగా మూసేస్తే ఏమవుతుందో మన దేశంలోనూ చూశాం. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి నుంచి సినిమా పాటలు దాదాపుగా మాయమైతే, శ్రోతలు శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు తిరిగారు. ఆకాశవాణి వాటి బదులు వినిపించిన శాస్త్రీయ సంగీతానికి వారు చెవులు అప్పగించలేదు. చివరికి 1957 అక్టోబరులో వివిధ భారతిని వేరే సేవగా మొదలుపెట్టి సినిమా పాటలను తిరిగి తీసుకురావలసి వచ్చింది. ఆ పాటలను శాస్త్రీయ సంగీత కచేరీల మధ్యలో ఇరికించకుండా వాటికి సొంత చోటు ఇచ్చారు కనుక ఎవరి శ్రోతలు వారికి మిగిలారు. ఆ పద్ధతి నాకు సబబుగా తోచింది.

మీ ఊరి రాక్ స్టేషన్ ఒక పాప్ పాట వేస్తే, అది ఎలాంటిదో తేల్చుకోవాలంటే దాని ముందు, వెనుక ఏమి వచ్చిందో వినండి. రాక్ వినే చెవితో ఎంచిన పాట పక్క పాటలతో ఏదో ఒక బంధుత్వం చూపిస్తుంది, అది గిటార్ కావచ్చు, డ్రమ్స్ కావచ్చు, పాడిన తీరు కావచ్చు. చార్టు చూసి వేసిన పాట ప్రకటనకూ ప్రకటనకూ మధ్య ఒంటరిగా కూర్చుంటుంది. నా కార్యక్రమానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: పాప్ పాట వేస్తే, ఎందుకు వేశానో మైకులో ఒక వాక్యం చెప్పాలి, చెప్పలేకపోతే ఆ సీడీని తిరిగి గోడకు పెట్టేయాలి. ప్రతి పాటనూ లాగ్ పుస్తకంలో రాయడం మాకు తప్పనిసరి. రెండేళ్ళ తరువాత వెళ్ళిపోయే ముందు ఆ పుస్తకం తిరగేస్తే అలాంటి పాటలు పదికి మించి కనబడలేదు.