‘స్ట్రేంజర్’ చదివాను, తత్వం ఎక్కడా కనిపించలేదు. అబ్సర్డ్ అంటే ఇంతేనా?

మీరు అడిగినవి మూడు. ఆల్బేర్ కామూ నవల ‘స్ట్రేంజర్’లో కథానాయకుడు మెర్సో రాయిలా ఉన్నాడు, మరి తత్వం ఎక్కడుంది? అస్తిత్వవాదం, అబ్సర్డ్ రెండూ ఒకటేనా? తెలుగులో అలాంటివి ఉన్నాయా? మొదటిదానికే ఎక్కువ చోటిస్తాను. అది తేలితే మిగతావి సులువు.

తత్వం కనిపించకపోవడం మీ లోపం కాదు. ఆ నవలలో అది పాత్రల మాటల్లో కన్నా వాక్యాల అమరికలో ఎక్కువుంది. 1942లో వచ్చిన చిన్న పుస్తకం, రెండు భాగాలు: మొదటిదాంట్లో 6 అధ్యాయాలు, రెండోదాంట్లో 5. రెండోసారి చదివేటప్పుడు ఒక నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని పేజీ మధ్యన గీత కొట్టండి. మొదటి భాగం చదువుతూ మెర్సో చేసిన పనులు మాత్రమే ఎడమవైపు రాయండి, మీ అభిప్రాయం ఒక్క ముక్క కూడా కలపకుండా. తల్లి శవపేటిక మూత తీయమంటారా అంటే వద్దన్నాడు. కాపలావాడిచ్చిన పాల కాఫీ తాగాడు. సిగరెట్ కాల్చాడు. తల్లి వయసు సరిగ్గా చెప్పలేకపోయాడు. అంత్యక్రియల మర్నాడు ఈతకెళ్లి మరీ అనే అమ్మాయిని కలిశాడు. ఆ సాయంత్రం ఇద్దరూ ఫెర్నాండెల్ కామెడీ సినిమాకి వెళ్లారు. పక్కింటి రేమోన్ కోసం ఉత్తరం రాసిపెట్టాడు. సముద్రం ఒడ్డున ఒక అరబ్బుని ఒక గుండుతో కాల్చాడు, కాస్త ఆగి మరో నాలుగు.

ఇక రెండో భాగంలో ప్రాసిక్యూటర్ ఇవే విషయాలు ఒక్కొక్కటీ బయటికి తీస్తుంటే వాటి ఎదురుగా కుడివైపు రాసుకుంటూ పోండి. సాక్షులు చెప్పేవాటిలో పెద్దగా అబద్ధాలేమీ లేవని మీకే తెలుస్తుంది. కాఫీ నిజం, సినిమా నిజం. ప్రాసిక్యూటర్ కొత్తగా చేర్చిందల్లా ‘కాబట్టి’ అనే మాట. తల్లి శవం పక్కన కాఫీ తాగాడు, కాబట్టి మనసు లేనివాడు, కాబట్టి కావాలనే చంపాడు. ఇతని మీద అభియోగం తల్లిని పాతిపెట్టినందుకా, మనిషిని చంపినందుకా అని డిఫెన్స్ లాయరు అడిగితే జనం నవ్వుతారు. ఆ నవ్వు దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. మొదటి భాగంలో కారణాలే లేవనుకుంటారు. ఉన్నాయి, కానీ అన్నీ ఒంటికి సంబంధించినవి. బస్సు కోసం పరిగెత్తడం, కుదుపులు, పెట్రోలు వాసన, రోడ్డు మీంచి కొట్టే వెలుగు: వీటివల్లే కునుకు పట్టి ఉంటుందంటాడు. మనసుకి సంబంధించిన కారణం అడిగితే మాత్రం మాట రాదు. కోర్టులో ఎందుకు చంపావంటే ‘ఎండ వల్ల’ అంటాడు, మళ్లీ నవ్వులు. రోహిణి కార్తె ఎండలో నడిచిన మనకి ఆ జవాబు అంత వింతగా అనిపించకపోవచ్చు గానీ, కోర్టుకి అది జవాబే కాదు. అబ్సర్డ్ ఉన్నది సరిగ్గా ఈ సందులో. మెర్సోలో కాదు, ఎండలోనూ కాదు. కారణం కావాలని మనిషి పట్టుబడతాడు, లోకం పలకదు. ఆ రెండూ ఢీకొన్నచోటే అబ్సర్డ్ పుడుతుందని కామూ అదే ఏడాది వచ్చిన ‘మిత్ ఆఫ్ సిసిఫస్’ అనే తాత్విక వ్యాసంలో రాశాడు. అందుకే ‘దేనికీ అర్థం లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సగమే చెప్పినట్టు. అర్థం కావాలనే ఆకలి లేకపోతే అబ్సర్డ్ కూడా లేదు.

ఏ అనువాదంలో చదివారన్నది కూడా ముఖ్యం. ఈ నవల మీద ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ 1943లో రాసిన వ్యాసంలో ఇందులోని ప్రతి వాక్యం ఒక ద్వీపం అంటాడు. ఇంగ్లీషులో స్టూవర్ట్ గిల్బర్ట్ (1946) ఆ ద్వీపాల మధ్య వంతెనలు కడతాడు, భాష కాస్త పెద్దమనిషి తరహా. మొదటి పేరాలోనే మెర్సో ‘తెలీదు’ అన్నచోట ఆయన ‘కచ్చితంగా చెప్పలేను’ అనిపించాడు. మాథ్యూ వార్డ్ (1988) పొడిగా వదిలేశాడు. మీ చేతిలో ఉన్నది గిల్బర్ట్ అయితే వార్డ్ తెచ్చుకోండి.

తెలుగులో ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే మన భాషకి గొలుసు కట్టడం అలవాటు. ‘పరిగెత్తి బస్సెక్కి సిపాయి మీద వాలి నిద్రపోయాను’ అంటే ఎంత సహజంగా ఉందో చూడండి. కానీ ఎక్కి, వాలి అనగానే ఒక పని ఇంకోదాన్ని లాక్కొచ్చినట్టవుతుంది, కథలో ఒక వరస వచ్చేస్తుంది. ‘పరిగెత్తాను. బస్సెక్కాను. నిద్రపోయాను. లేచేసరికి ఒక సిపాయి మీద వాలి ఉన్నాను.’ ఇది మెర్సో గొంతుకి దగ్గర. ఈ తరహాలో కథ రాయాలనుకునేవాళ్లు తమ డ్రాఫ్టులో అసమాపక క్రియలు (ఎక్కి, వాలి లాంటివి), ‘కాబట్టి’, ‘అందుకని’, ‘దాంతో’ వెతికి సగమైనా కొట్టేయాలి. అన్నీ కొట్టేస్తే టెలిగ్రాం అవుతుంది. చాలా కథలు చెడేది అక్కడే. పైన నేను కూడా ఒక ‘వాలి’ ఉంచేశాను చూడండి, అది లేకపోతే వాక్యం కుంటుతుంది.

రెండో ప్రశ్న, అస్తిత్వవాదం, అబ్సర్డ్ ఒకటేనా అన్నది. ఒకటి కాదు. అస్తిత్వవాదమంటే, సార్త్ర్ మాట ప్రకారం, మనిషికి ముందే రాసిపెట్టిన స్వభావం లేదు, ఎంచుకున్న పనులే మనిషి. కాబట్టి బాధ్యత తప్పించుకోలేడు. 1945లో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో దీన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. కామూ అదే ఏడాది తాను అస్తిత్వవాదిని కానన్నాడు. నవలగా సార్త్ర్‌ని చూడాలంటే ‘నాసియా’ (1938) ఉంది. మొత్తం ఒకేసారి మింగుడుపడదు. పార్కులో చెట్టు వేరుని చూసి కథానాయకుడు రోకాంతాన్‌కి కడుపులో తిప్పే ఘట్టం, లైబ్రరీలో పుస్తకాలన్నీ అక్షరక్రమంలో చదివే పెద్దమనిషి ఘట్టాలు ముందు చదివి, తర్వాత మొదటికి రండి.

తెలుగులో వెతికేటప్పుడు ఒక హెచ్చరిక. మన విమర్శలో ‘అస్తిత్వవాదం’ అన్న మాట చాలాకాలంగా రెండు పనులు చేస్తోంది. దళిత, స్త్రీవాద, ముస్లిం, ప్రాంతీయ ఉద్యమాల సాహిత్యాన్ని కూడా అస్తిత్వ సాహిత్యమే అంటారు. అక్కడ అస్తిత్వమంటే గుర్తింపు. సార్త్ర్ కోసం వెతికి ఆ వ్యాసాల్లో తేలితే కంగారు పడకండి, అది వేరే చర్చ.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ని చాలామంది ఈ కోవలో వేస్తారు. నాకు ఒప్పుదల లేదు. సీతారామారావు పతనానికి పెంపకం, వంశ ప్రతిష్ఠ, పిరికితనం అంటూ కారణాలు దొరుకుతాయి. కారణం అందేచోట అది మనస్తత్వ నవల, గొప్పది కూడా. నవీన్ ‘అంపశయ్య’ కొంత దగ్గర, కానీ అక్కడ రవి బుర్ర ఒక్క క్షణం ఊరుకోదు. మెర్సో బుర్ర అడిగితే తప్ప కదలదు. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి, తేడా తెలుస్తుంది.

ఇంకోటి. మెర్సోని నిజాయితీకి నమూనాగా నెత్తిన పెట్టుకునేవాళ్లు చనిపోయిన మనిషికి పేరే లేదన్న సంగతి మర్చిపోతారు. రేమోన్ కోసం రాసిన ఉత్తరం ఒక ఆడమనిషిని కొట్టించడానికన్నదీ మర్చిపోతారు. అల్జీరియా రచయిత కమెల్ దావూద్ 2013లో ఆ మృతుడికి మూసా అని పేరు పెట్టి, అతని తమ్ముడి చేత కథ చెప్పించాడు. ఆ నవల ‘ఈరోజు అమ్మ ఇంకా బతికే ఉంది’ అని మొదలవుతుంది. ‘స్ట్రేంజర్’ ముగించిన వారంలోపే చదవండి, మొదటిది చల్లారకముందే.

ఆ తర్వాత కాఫ్కా ‘ట్రయల్’. అధ్యాయాల వరస ఆయన చనిపోయాక స్నేహితుడు మాక్స్ బ్రాడ్ కూర్చింది, నవల పూర్తికాలేదు కూడా. మధ్యలో దారి తప్పినట్టనిపిస్తే తప్పు మీది కాదు. మరీ విసుగొస్తే చర్చి అధ్యాయంలోని ద్వారపాలకుడి కథకి వెళ్లండి. దాన్ని కాఫ్కా బతికుండగానే విడిగా అచ్చేయించాడు, రెండు మూడు పేజీలు. అదే నోట్‌బుక్ తీసి మళ్లీ గీత కొట్టండి. కథానాయకుడు యోసెఫ్ కె. తన 30వ పుట్టినరోజు పొద్దున అరెస్టవుతాడు. కుడివైపు నిండుతూ పోతుంది. ఎడమవైపు, అతను చేసిన నేరం దగ్గర, చివరి పేజీ దాకా మీకు రాయడానికేమీ దొరకదు.