టెక్ సందేహాలు: రౌటర్ ముసలిదైతే నెట్ నెమ్మదిస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. 2016లో కొన్న రౌటర్‌నే ఇప్పటికీ వాడుతున్నాం. ఈమధ్య 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్‌కు మారాం. ముందు గదిలో ఫోన్‌తో టెస్ట్ చేస్తే 40 దాటడం లేదు. ఇల్లు వీధి నుంచి పెరటి దాకా పొడుగ్గా ఉంటుంది, గోడలు మందం. వెనక గదిలోనైతే వీడియో అలా తిరుగుతూనే ఉంటుంది. రౌటర్ మార్చేయమని మా అబ్బాయి, లైన్ బాగానే ఉందని కంపెనీవాళ్లు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా నిజమే అయ్యుండొచ్చు. ఏళ్లు గడిచాయని రౌటర్ వేగం దానంతట అది తగ్గదు. 2016లో ఎంత ఇచ్చేదో ఇప్పుడూ దాదాపు అంతే ఇస్తుంది. అప్పటి చిన్న ప్లాన్‌కు అది సరిపోయేది. ఇప్పటి 200కు చాలడం లేదు, అంతే.

ముందు రౌటర్‌ను తిరగేసి అడుగున ఉన్న లేబుల్ చదవండి. 300 ఎంబీపీఎస్ అని ఉంటే అది 2009 నాటి ‘ఎన్’ అనే వైఫై ప్రమాణంతో, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద మాత్రమే పనిచేసే రకం. ఆ 300 అట్టపెట్టె మీది లెక్క. మామూలు ఛానల్‌లో ఒక్క యాంటెన్నాతో అందుకునే ఫోన్‌కు దక్కే లింకు 72 మాత్రమే. చేతికి వచ్చేసరికి అందులో సగం, ఇంకాస్త. మీ 40 అక్కడిదే! పైగా ఆ రౌటర్ల వెనక ఉండే పోర్టులు చాలావరకు 10/100 రకం, అంటే 100 ఎంబీపీఎస్ దాటనివి. కాబట్టి లాన్ కేబుల్ పెట్టినా 95 దగ్గర ఆగిపోతుంది. మీరు డబ్బు కట్టే 200లో సగం గుమ్మం దగ్గరే ఉండిపోతోందన్నమాట.

అయితే షాపుకు బయలుదేరేముందు ఒక్క పని చేయండి. ఫైబర్ వైరు వచ్చి దిగే ఓఎన్‌టీ పెట్టె ఉంటుంది కదా, చాలా వాటిలో వైఫై కూడా ఉంటుంది. దాని లేబుల్ మీద వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉంటే ఫోన్‌ను నేరుగా దానికే కలిపి, పక్కనే నిలబడి టెస్ట్ చేయండి. పేరు చివర 5జీ అని కనిపిస్తే (అది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ అని) దాన్నే ఎంచుకోండి. అక్కడ 150 పైన వస్తే లైన్ తప్పేమీ లేదు, ముందు గదికి కొత్త రౌటర్ అక్కర్లేదు.

వెనక గది సంగతి వేరు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ మందపాటి గోడలు దాటలేదు. ఎంత ఖరీదైన రౌటర్ కొన్నా ముందు గదిలోనే పెడితే పెరటి వైపు అదే కథ. ఒక లాన్ కేబుల్ లాగించి వెనక గదిలో రెండోది పెట్టడమే మేలు. పాత రౌటర్‌ను అక్కడ వాడుకోవచ్చు: సెట్టింగ్స్‌లో దాని ఐపీ అడ్రస్ మార్చి, డీహెచ్‌సీపీ (ఫోన్లకు ఐపీ అడ్రస్‌లు పంచే ఏర్పాటు) ఆపేసి, కేబుల్‌ను లాన్ పోర్టులో గుచ్చండి. వీడియోలకు ఆ 40 చాలు. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని ఉండాలి. టీకేఐపీ అనే పాత పద్ధతి ఉంటే ‘ఎన్’ రౌటర్ కూడా 54కు పడిపోతుంది.

కొత్తది కొనక తప్పకపోతే పాతపట్నంలో కొన్నా, బరంపురంలో కొన్నా అట్టపెట్టె వెనక చదివే కొనండి. ముందు వైపు పెద్దక్షరాల్లో 1200 అని వేసి, పోర్టులు మాత్రం 10/100వి పెట్టే మోడళ్లు ఉన్నాయి. గిగాబిట్ పోర్టులు, డ్యుయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ), వైఫై 6 ఉంటే మీకు చాలు. మీ ప్లాన్‌కు వైఫై 7 దండగ.

ప్రశ్న: రాయగడలో ఉంటాం. మా రౌటర్ రోజూ హ్యాంగ్ అవుతుంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే గంటో రెండు గంటలో బాగుండి మళ్లీ మొదటికొస్తుంది. పాతదైపోయిందా?

జవాబు: వయసు ప్రభావం కనిపించేది ఇక్కడే. వేడికి లోపలి కెపాసిటర్లు ఉబ్బుతాయి, అడాప్టర్ నీరసిస్తుంది. టీవీ వెనకో బీరువా మీదో ఇరికించి ఉంటే గాలి తగిలేచోటికి మార్చండి. తర్వాత అడాప్టర్ మార్చి చూడండి. వోల్టేజీ, పిన్ను పాతదానితో సరిగ్గా కలవాలి, ఆంపియర్లు ఎక్కువున్నా పర్లేదు. 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టులది గుచ్చితే మాత్రం అది కాలిపోవచ్చు.