వాగు అవతలి గూడెంలో బడి పెట్టబోయే తమ్ముడికి

తమ్ముడూ,

ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో గుత్తికోయల (ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఆదివాసుల) గూడెంలో బడి పెట్టాలని పూనుకున్నావు, సంతోషం. కానీ రేకులు, సిమెంటు లెక్కలు ఇప్పుడే వేయకు. ముందు గూడెం పెద్దను కలిసి, ఆయన వెంట ఇల్లిల్లూ తిరుగు. పగటిపూట అందరూ పనికి పోతారు, పొద్దుగూకినాక పో. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలను ఒక పేజీలో, 6 నుంచి 10 ఏళ్లవాళ్లను ఇంకో పేజీలో, 11 దాటినవాళ్లను మరో పేజీలో రాసుకో. పుట్టిన తేదీ చెప్పలేకపోతే ఏ మేడారం జాతరకు ముందో వెనకో అడుగు. జాతర రెండేళ్లకోసారి కాబట్టి వయసు దాదాపు తేలుతుంది. వయసు కాగితం లేదని పిల్లను చేర్చుకోకుండా తిప్పి పంపడం విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం కుదరదు. ఆ మాట బడిలో మర్యాదగానే చెప్పు, కానీ చెప్పు.

ఎందుకంటే ఈ పిల్లల పేర్లు దగ్గరి సర్కారు బడి రిజిస్టర్‌లో ఎక్కి తీరాలి. మొదటి వారంలోనే ఎంఈఓను (మండల విద్యాధికారిని), ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్లను కలువు. పేరు ఎక్కకపోతే పుస్తకాలు రావు, మధ్యాహ్న భోజనం రాదు. రేపు ఆశ్రమ పాఠశాలకు పంపేటప్పుడు ఎక్కడ చదివిందో చూపడానికి కాగితమూ ఉండదు.

జాగా సంగతి జాగ్రత్త. అటవీ హక్కుల చట్టం (2006) సెక్షన్ 3(2) కింద బడికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. కొట్టే చెట్లు హెక్టారుకు 75 మించరాదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. చాలామంది పొరబడేది ఒకచోట: ఇది సర్కారు నడిపే బడికే వర్తిస్తుంది. నువ్వు విరాళాలు పోగుచేసి నీ పేరున కట్టుకునే గదికి కాదు. అనుమతి లేకుండా కట్టినదాన్ని పీకేస్తే పిల్లల ముందు ఊరంతా చిన్నబోతుంది. అందుకే మొదటి ఏడాది గూడెం మధ్యలో, వాళ్లు ఇప్పటికే వాడుకుంటున్న పాకలోనే నడుపు. 20 మందికి 12 అడుగులకు 18 అడుగులు చాలు. మట్టి అరుగు అడుగున్నర ఎత్తు ఉండాలి, లేదంటే వానాకాలం నేల చెమ్మగిల్లి పిల్లలు కూర్చోలేరు. తడికలు మూడడుగుల వరకే కట్టు, వెలుతురు వస్తుంది. రేకుల కింద వాన పడితే పాఠం వినబడదు, గడ్డి కప్పే మేలు.

చదువు చెప్పే మనిషిని ఆ గూడెంలోనే వెతుకు. టెన్త్ చదివిన కోయ ఆడపిల్ల దొరికితే అంతకన్నా కావలసింది లేదు. 1940లలోనే ఆదిలాబాద్ ప్రాంతపు మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేయించారు, గోండిలో వాచకాలు తెచ్చారు. మనకు ఈ దారి కొత్త కాదు. ఆమె జీతం నువ్వు ఎలా సర్దినా, ఇంటికి నెలకో మానెడు బియ్యం గూడెం ఇచ్చేట్టు మాట్లాడు. బియ్యం ఇచ్చిన తల్లి బడి తెరవకపోతే అడుగుతుంది.

మొదటి ఆరు నెలలు మాట కోయలోనే సాగాలి. కోయలో ఏర్ అంటే నీళ్లు, మన తెలుగులో ఏరు అంటే వాగు. గ్లాసు బొమ్మ చూసి 'ఏర్' అన్న పిల్లవాడికి తప్పు పెడితే వాడు ఇక నోరు విప్పడు. గూడెంలో వినబడే వంద మాటలు తెలుగు లిపిలో రాసి తడికకు కట్టు. అక్షరాలు వాటితోనే మొదలుపెట్టు, తెలుగు మాటను పక్కన చేర్చుకుంటూ పో.

వేళలు అడవిని బట్టి పెట్టుకో. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామునే ఇప్పపువ్వు ఏరతారు, పిల్లలు కూడా పోతారు. బడి పదింటికి పెట్టు. తర్వాత తునికాకు వస్తుంది. అన్నిటికన్నా నష్టం మిరప ఏరే కాలం, ఇల్లంతా మూట కట్టుకొని కూలికి పోతుంది. జనవరిలోనే తల్లులను కూర్చోబెట్టి, నాయనమ్మ, అమ్మమ్మల దగ్గర పిల్లలను ఉంచే ఇళ్లు ఏవో తేల్చుకో. ఆ ఇళ్ల మీద పడే తిండి ఖర్చుకూ దారి చూడాలి, ఉత్త మాట చెబితే ఉంచరు.

జూన్ 12న బడులు తెరుస్తారు, ఆ వెనకే వాగులు పొంగుతాయి. పలకలు, బలపాలు, పుస్తకాలు, నాలుగు నెలల సరుకు మే నెలాఖరుకే వాగు దాటించి, చెదలు అంటకుండా ఇనుప పెట్టెలో పెట్టు.