హెడ్‌ఫోన్స్ కొనబోతున్న మేనకోడలికి

బిడ్డా,

ఉద్యోగం చేసుకుంటూనే శని, ఆదివారాలు పెళ్లిళ్లకు డీజే ప్లే చేస్తానన్నావని, ఇంట్లో వెనక గది ఖాళీ చేయించి పాటలు కూడా తయారు చేస్తావని నిన్న అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆమె టెన్షనంతా అర్ధరాత్రి ప్రయాణాల గురించే. "నువ్వైనా చెప్పు తమ్ముడూ" అంది. సరేనన్నాను గానీ, వద్దని చెప్పడానికి నాకు నోరు రాదు. బతుకమ్మ ఆడేటప్పుడు ఎవరి చప్పట్లైనా తాళం తప్పితే, అంత చిన్న పిల్లవి, ఆటంతా ఆపించి మళ్లీ మొదటి నుంచి పాడించేదానివి. ఆ చెవి ఊరికే పోదని అప్పుడే అనుకున్నాను. ప్రయాణాల సంగతి అమ్మా నాన్నా చూసుకుంటారు. నా భయమంతా ఆ చెవి గురించే.

బేస్ బాగా కొడుతుందని ఏదో బ్లూటూత్ హెడ్‌సెట్ చూసి పెట్టుకున్నావట. అది కొనకు. 120 బీపీఎం పాటలో, అంటే నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య అర సెకను ఉంటుంది. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి సెకనులో పదో వంతో, అంతకంటే ఎక్కువో ఆలస్యమవుతుంది. ఒక పాట బయట మోగుతుండగానే రెండోదాన్ని హెడ్‌ఫోన్స్‌లో విని తాళం కలపాలి కదా. నువ్వు రెండో పాటను కలిపానని అనుకుంటావు, బయట బాక్సుల్లో రెండు డప్పులు ఒకదాన్నొకటి తరుముతుంటాయి. వైరు ఉన్నదే కొను. ఇందులో చర్చ లేదు.

బేస్ ఎక్కువ కొట్టేది పాటలు తయారు చేసేవాళ్లకు ఇంకా ప్రమాదం. చెవిలో బేస్ నిండుగా వినిపిస్తుంది కాబట్టి మిక్స్‌లో, అంటే గొంతూ వాయిద్యాలూ ఏది ఎంత వినిపించాలో సరిచూసేటప్పుడు, నువ్వే తగ్గించేస్తావు. పాట బయటికెళ్లాక డప్పులో గుండె ఉండదు, రేకు డబ్బా మోగినట్టు ఉంటుంది. మేము క్యాసెట్లకు జానపదాలు రికార్డు చేసే రోజుల్లో స్టూడియోలో ఎంత బాగున్నా నమ్మేవాళ్లం కాదు. బయట ఆటో స్టాండుకు వెళ్లి, డ్రైవర్‌కు చాయ్ ఇప్పించి, ఆ ఆటో టేపులో వేసి వినేవాళ్లం. ఒకసారి స్టూడియోలో అందరం మెచ్చుకున్న పాటలో పాడినామె గొంతు ఆటోలో అసలు వినిపించలేదు, డోలక్ మింగేసింది. వెనక్కి వెళ్లి రాత్రంతా కూర్చొని సరిచేశాం. నువ్వు కూడా ఫోన్ స్పీకర్లో విను, మీ నాన్న కారులో విను. మోనోలో, అంటే ఎడమా కుడీ ఒకటిగా కలిపి, తప్పకుండా విను. పెళ్లి మండపాల్లో చాలాచోట్ల బాక్సులన్నీ మోనోలోనే నడుస్తాయి. హెడ్‌ఫోన్స్‌లో ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి అందంగా పరిచినవి అక్కడ ఒకదాని మీద ఒకటి పడి కొన్ని మాయమైపోతాయి.

ఇక ఏది కొనాలంటే, నిజానికి రెండు పనులకు రెండు రకాలు కావాలి. డీజేకు కప్పుల వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ తప్పనిసరి, బయటి మోత లోపలికి రాకుండా గట్టిగా పట్టి ఉండాలి. సెన్‌హైజర్ హెచ్‌డీ 25 అని 1988 నుంచి ఉంది. చూడటానికి ఏమీ ఉండదు, బక్కగా, ప్లాస్టిక్‌గా ఉంటుంది. కానీ ఒక కప్పు తిప్పి చెవి వెనక్కి తోసేయవచ్చు. వైరు పోతే వైరు, మెత్త పోతే మెత్త విడిగా దొరుకుతాయి, నీ చేత్తోనే మార్చుకోవచ్చు. బరాత్‌లో వైరు తొక్కుతారు, లాగుతారు, పోవడం ఖాయం. వైరు విడిగా రాని సెట్ అయితే పాతిక రూపాయల సోల్డర్ పనికి పెళ్లి మధ్యలో ఆగిపోతావు.

పాటల పనికి సోనీ ఎండీఆర్ 7506 చూడు. 1991 నుంచి ఎన్నో స్టూడియోల్లో అదే ఉంది. పై స్వరాలు కాస్త పదునుగా చూపిస్తుంది, అందువల్ల గొంతులో తప్పులు దాక్కోవు. దాని చెవి మెత్తలు కొన్నాళ్లకు పొరలు పొరలుగా రాలతాయి, కొత్తవి వేసుకోవాలి. బెయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో మెత్తగా, గంటలు గంటలు పెట్టుకోగలిగేలా ఉంటుంది, కానీ 32, 80, 250 ఓమ్‌లని మూడు రకాలు వస్తాయి, ఓమ్‌లు ఎక్కువైతే మోగించడానికి బలం ఎక్కువ కావాలి. నీ ల్యాప్‌టాప్‌కు 250 తీసుకున్నావంటే వాల్యూమ్ చాలక అవస్థ పడతావు. వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్‌లు మిక్సింగ్‌కు హాయిగా ఉంటాయి, పాట గదిలో వింటున్నట్టే ఉంటుంది. కానీ నువ్వు అమ్మమ్మల చేత పాటలు పాడించి రికార్డు చేస్తానంటున్నావు. వాళ్ల చెవికి ఓపెన్ బ్యాక్ పెడితే ట్రాక్ అంతా మైకులోకి కారిపోతుంది. ఇప్పుడు ఒక్కదానికే డబ్బుంటే ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ తీసుకో. కప్పులు తిరుగుతాయి, వైరు ఊడదీసి మార్చవచ్చు, రెండు పనులకూ నడుస్తుంది. బేస్ కొంచెం ఎక్కువే చూపిస్తుందని గుర్తుంచుకుని మిక్స్ చేయి.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్నది.

మా బ్యాచ్‌లో ఒకతను ఉండేవాడు. పేరు రాయను, నీకు తెలిసినవాడే, మన ఇంటికి వస్తుంటాడు. ఒకప్పుడు మా దగ్గర బరాత్ అంటే ముందు అతన్నే అడిగేవాళ్లు, అతని తేదీ చూసుకుని పెళ్లివాళ్లు బ్యాండు మాట్లాడుకునేవాళ్లు. ఇంట్లో వింటే అద్భుతంగా ఉందని తేలికపాటి ఓపెన్ హెడ్‌ఫోన్ ఒకటి కొన్నాడు. ఇంట్లో అది నిజంగా బాగుండేది. డీసీఎం వ్యాను మీద బాక్సుల పక్కన, జనరేటర్ మోతలో దాంట్లో ఏం వినిపిస్తుంది? అందుకని మిక్సర్ మీద హెడ్‌ఫోన్ నాబ్ చివరిదాకా తిప్పేవాడు. కుడి చేయి మిక్సర్ మీద, హెడ్‌ఫోన్ ఎడమ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, తల ఒక పక్కకు వంచి. ఎప్పుడూ ఎడమ చెవే. ఆ వంపు చూసి కుర్రాళ్లు అలాగే నిలబడటం నేర్చుకున్నారు.

ప్రోగ్రాం అయ్యాక చెవిలో ఈ...మని మోగుతోందనేవాడు. తెల్లారేసరికి తగ్గిపోయేది, తగ్గింది కదా అనుకునేవాడు. మేమూ అలాగే అనుకున్నాం. నాలుగు పెళ్లిళ్ల సీజన్లు గడిచాక ఆ మోత తెల్లారినా తగ్గలేదు. తనకు తెలియకుండానే ఫోన్ కుడి చెవికి మార్చేశాడు, అది మొదట గమనించింది అతని భార్య. నాకు మాత్రం మిక్స్‌లో తెలిసింది. తాళాలు, గజ్జెలు చెవిలో సూదుల్లా గుచ్చుతున్నాయి, అతనేమో ఇంకొంచెం పెంచమంటున్నాడు. ఎంతో బతిమాలితే చెవి డాక్టర్ దగ్గరికి వచ్చాడు. ఏ స్వరం ఎంత వినిపిస్తుందో గీతగా చూపే ఆడియోగ్రామ్ కాగితం నేను కూడా చూశాను. గీత తిన్నగా వచ్చి 4000 హెర్ట్జ్ దగ్గర ఒక్కసారి గుంటలోకి దిగింది, ఎడమ చెవిది మరీ లోతుగా. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు ఉంటాయట. ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు, మందు లేదు. ఇప్పుడు అతనికి మాట వినిపిస్తుంది గానీ ఏ మాటో తెలియదు. స, త, ఫ లాంటివి జారిపోతాయి. ఇంటికొచ్చినప్పుడు ఎప్పుడూ ఒకే కుర్చీలో ఎందుకు కూర్చుంటాడని చిన్నప్పుడు అడిగావు చూడు, కుడి చెవి మన వైపు ఉండాలని.

85 డెసిబెల్స్‌లో రోజుకు ఎనిమిది గంటలు ఉండవచ్చంటారు. అక్కడి నుంచి మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక్క గంట, 100 దగ్గర పావుగంట. బాక్సుల పక్కన 100 దాటడం పెద్ద విషయం కాదు. దాన్ని మించి హెడ్‌ఫోన్ పెంచితేనే వినిపించే పరిస్థితిలో నువ్వు ఉండకూడదు. అందుకే మోడల్ పేర్లన్నిటికంటే ముందు నేను చూసేది ఒక్కటే: అది పెట్టుకుంటే ఎంత తక్కువ వాల్యూమ్‌లో వినగలుగుతావు? దుకాణంలో నాబ్ తగ్గిస్తూ విను, పెంచుతూ కాదు.

నీకు కళ్లద్దాలున్నాయి. ఎవరూ దీని గురించి చెప్పరు. కళ్లద్దాల కాడ మీద మెత్త సరిగ్గా అతకదు, సందులోంచి బేస్ పోతుంది, బయటి మోత వస్తుంది, నువ్వు వాల్యూమ్ పెంచుతావు. హెచ్‌డీ 25 అయితే కాడను కణతకు నొక్కేస్తుంది, గంటలో తలనొప్పి. సన్నకాడల కళ్లద్దాలు పెట్టుకునే వెళ్లి, కనీసం ఇరవై నిమిషాలు తల మీద ఉంచుకుని చూడు. బుట్టకమ్మలు ప్రోగ్రాం రోజు వద్దు తల్లీ, పెళ్లైనా సరే. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే విననిస్తారు, నీ సొంత పాట తీసుకెళ్లు. సగం ధరకు ఇస్తామంటే నకిలీ అనుకో, బిల్లు లేకుండా కదలకు.

ప్లే చేసేటప్పుడు తెరిచి ఉన్న చెవిలో ఇయర్‌ప్లగ్ పెట్టుకో. మిక్సర్‌లో స్ప్లిట్ క్యూ ఉంటే వాడు, బయటి పాట, లోపలి పాట రెండూ హెడ్‌ఫోన్‌లోనే వినిపిస్తాయి. చెవి మారుస్తూ ఉండు. సౌండ్ అబ్బాయితో నీ వైపు పెట్టిన మానిటర్ బాక్సు తగ్గించమని చెప్పడానికి మొహమాటపడకు. వాళ్లు నిన్ను కొత్త పిల్లవని చూస్తారు, చూడనీ. రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు ఆపాలన్న రూల్ ఉంది, పెళ్లివాళ్లు ఇంకో పాట ఇంకో పాట అంటారు. పదికి ఆపేసేదానివని పేరు తెచ్చుకో. అక్కకు కూడా ధైర్యంగా ఉంటుంది.

కోప్పడుతున్నానని అనుకోకు. నీ మొదటి పాట నేను వినాలి, ఆటోలోనే వింటాను.

మొదటి ప్రోగ్రాంకు ముందే వెళ్లి ఆడియోగ్రామ్ తీయించుకో. ఇప్పుడు చెవులు బాగున్నప్పటి కాగితం ఉంటేనే, ఏటేటా తీయించినప్పుడు తేడా తెలుస్తుంది. ఖర్చు నేను పంపిస్తాను, కాగితం ఫొటో తీసి నాకు పెట్టు. పెద్ద జాక్ అడాప్టర్ రెండు కొను, ఒకటి బ్యాగులోనే ఉంచు. పెళ్లి మండపంలో ఒకటి ఎక్కడో పడిపోతుంది.

మీ మామయ్య