అల్లుడూ, కువైట్ బయలుదేరే ముందు కార్డు సంగతి

అల్లుడూ,

వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం. కారప్పొడి, పచ్చళ్ళు సర్దడానికి ఆమె ఉంది. ఏటీఎం కార్డు గురించి మాత్రం ఎవరూ చెప్పరు, పంతొమ్మిదేళ్ళు అక్కడ పనిచేసి వచ్చినోణ్ణి కాబట్టి నేను రాస్తున్నా.

కడపలో పనిచేసే కార్డు కువైట్‌లో కూడా పనిచేస్తుందని అనుకోవద్దు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 2020 అక్టోబర్ నుంచి కొత్త కార్డులు మన దేశంలో వాడుకునేలా మాత్రమే ఇస్తున్నారు, బయట వాడాలంటే ఇంటర్నేషనల్ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో ఏటీఎంకి, షాపు మెషిన్‌కి, ఆన్‌లైన్‌కి వేరువేరు బటన్లు ఉంటాయి, మొదటి రెండూ ఆన్ చేసి లిమిట్ పెట్టుకో. నీది రూపే కార్డయితే అది బయట చెల్లేదేనా అని బ్రాంచిలో అడుగు, కాదంటే వీసా కంపెనీ కార్డు గానీ మాస్టర్‌కార్డ్ గానీ తీసుకో. అక్కడ సివిల్ ఐడీ, అంటే ఆ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, చేతికొచ్చి జీతం ఖాతా తెరిచేదాకా ఈ కార్డూ, వెంట తీసుకుపోయిన కొద్దిపాటి దినార్లే నీకు ఆధారం.

ఇక బాగా గుర్తుపెట్టుకోవాల్సిన మాట. మన కార్డు పెట్టినప్పుడు కొన్ని మెషిన్లలో స్క్రీన్ మీద రెండు బటన్లు వస్తాయి, ఒకవైపు దినార్లు, ఇంకోవైపు రూపాయలు. రూపాయలు చూడగానే మన లెక్క మనకు తెలుస్తుంది కదా అని వేలు అటే పోతుంది. నొక్కొద్దు! ఆ రేటు మెషిన్ వాళ్ళు కట్టేది, అందులో వాళ్ళ లాభం కలిసి ఉంటుంది. ఎప్పుడూ దినార్లే నొక్కు. అట్లా నొక్కినా మన బ్యాంకు తన ఛార్జీ వేస్తుంది, చాలా కార్డులకు 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే పది వేల ఖర్చుకు 350, పైన 63, మొత్తం 413 రూపాయలు. అందుకే అక్కడి ఖాతా తెరిచిన రోజు నుంచి రోజువారీ ఖర్చుకు అక్కడి కార్డే వాడు. ఇంకోటి, దినార్‌కి వెయ్యి ఫిల్స్, బిల్లు మీద 2.750 అని ఉంటే రెండు దినార్ల 750 ఫిల్స్. కొత్తలో కన్ను మోసపోతుంది, చుక్క ఎక్కడుందో చూసుకున్నాకే పిన్ కొట్టు.

ఫోన్ నంబరు విషయంలో నేను పడ్డ బాధ నువ్వు పడొద్దు. పెద్దమ్మాయి పెళ్ళికి వచ్చినప్పుడు ఏడు రోడ్ల దగ్గర ఏటీఎంలో కువైట్ కార్డు పెట్టాను, రెండుసార్లు డబ్బు రాలేదు, మూడోసారి కార్డే బ్లాక్ అయింది. బ్యాంకుకి ఫోన్ చేస్తే ఓటీపీ పంపామన్నారు, అదేమో కువైట్ సిమ్‌కి పోయింది, ఆ సిమ్ నేను రూములో పెట్టొచ్చాను. బంగారం షాపులో అడ్వాన్స్ కట్టాలి, బయట మీ అత్త ఎండలో నిలబడి ఉంది. ఆ రోజు మీ నాన్న అప్పు ఇచ్చి ఆదుకున్నాడు. అందుకే ఇక్కడి సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని పో, రీచార్జ్ అయిపోకుండా మీ అమ్మకి చెప్పు. సెలవుకి వచ్చేటప్పుడు అక్కడి సిమ్ వెంట తెచ్చుకో, ఇండియా పోతున్నానని ఆ బ్యాంకుకి ముందే చెప్పు. విదేశీ నంబరుతో యూపీఐ వాడుకోవడానికి 2023 జనవరిలో అనుమతిచ్చిన పది దేశాల్లో కువైట్ లేదు, కాబట్టి మన నంబరు బతికి ఉండటం నీకు చాలా అవసరం.

ఉద్యోగంలో చేరాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా, అంటే బయట ఉండేవాళ్ళు ఇక్కడి ఆదాయానికి పెట్టుకునే ఖాతాగా మార్పించాలి, జీతం పంపడానికి ఎన్‌ఆర్‌ఈ, అంటే బయటి సంపాదన దాచుకునే ఖాతా తెరువు, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు.

రూములో ఎంత మంచివాడైనా సరే, మన జిల్లావాడైనా సరే, కార్డు ఇవ్వొద్దు, నీ ఖాతాలో వేరేవాళ్ళ డబ్బు వేయించుకోవద్దు. మొహమాటపడితే పోలీసులు అడిగేది నిన్నే. అక్కడ అప్పు తీసుకుని కట్టకపోతే దేశం దాటనివ్వరు, అట్లా ఇరుక్కుని ఊరికి రాలేక ఏడ్చినవాళ్ళని నా కళ్ళతో చూశాను.

ఆదివారం ఇంటికి రా. నీ ఫోన్‌లో యాప్ తెరిచి ఆ బటన్లన్నీ ఇద్దరం కూర్చుని చూద్దాం, కార్డు వెనకుండే బ్యాంకు నంబరు కూడా వేరే కాగితం మీద రాసిస్తా, అది పర్సులో కాదు, పెట్టెలో పెట్టుకో.

మీ మామ
కడప